టాబ్లెట్టా, అలారమా? ముందు ఒక కొలత జగ్గు కొనండి

మియాపూర్ నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. చాలా వివరంగా రాశారు. పేరు వద్దన్నారు కాబట్టి ఆనవాళ్లు తీసేసి సారాంశం ఇస్తున్నాను.

ఆమెకు ఎనిమిదేళ్ల బాబు, మూడో తరగతి. ఇప్పటిదాకా వరుసగా నెల రోజులు పక్క తడపకుండా ఉన్నది లేదు. వారంలో నాలుగైదు రాత్రులు దుప్పటి మార్చాల్సిందే. ఐదేళ్లప్పుడు ‘వాడే మానేస్తాడు’ అన్నారు, ఏడేళ్లప్పుడూ అదే అన్నారు. నాయనమ్మ రోజూ నువ్వుండ తినిపిస్తారు, ఒకసారి తాయెత్తు కూడా కట్టించారు. నాన్న రాత్రి పన్నెండింటికోసారి, మూడింటికోసారి లేపి బాత్రూంకి నడిపిస్తారు. అయినా తెల్లారేసరికి పక్క తడిగా ఉంటే ‘ఎనిమిదేళ్లొచ్చాయి, సిగ్గు లేదా’ అని కేకలేస్తారు. ఒక క్లినిక్‌లో డెస్మోప్రెసిన్ టాబ్లెట్లు రాశారు. రోజూ పడుకునే ముందు గ్లాసు పాలతో వేశారు. కొన్ని రాత్రులు పనిచేసింది, కొన్ని రాత్రులు లేదు. ఆపగానే మళ్లీ మొదటికొచ్చింది. ఇంకో డాక్టరు బెడ్‌వెట్టింగ్ అలారం కొనమన్నారు. ఈలోగా జనవరి చివర్లో వికారాబాద్ దగ్గర రెండు రోజుల స్కూలు క్యాంపు వచ్చిపడింది. బాబు పేరు ఇవ్వనంటున్నాడు.

‘టాబ్లెట్ మళ్లీ మొదలుపెట్టమంటారా, అలారం కొనమంటారా? ఏది మంచిదో ఒక్క మాటలో చెప్పండి’ అన్నది ప్రశ్న.

ఉత్తరం చివర ఇంకొన్ని సంగతులు మాటవరసకు రాశారు. స్కూల్లో బాత్రూం గడియ పడదట, వాసనట, అందుకని పిల్లాడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పాస్‌కి వెళ్లడు. బస్సు దిగి షూ కూడా విప్పకుండా బాత్రూంకి పరిగెడతాడు, అప్పుడప్పుడు చెడ్డీ కాస్త తడుస్తుంది. మోషన్ మూడు రోజులకోసారి, ‘అదీ కమోడ్ జామ్ అయ్యేంత’. అత్తగారు మొన్న నోరు జారి, ‘వీడి నాన్న కూడా పదేళ్ల దాకా ఇంతే’ అన్నారట.

అమ్మా,

ఒక్క మాటలో చెప్పలేను, ఏమీ అనుకోకండి. టాబ్లెట్, అలారం రెండూ పనిచేసేవే. అయితే ఏది ఎవరికి పనిచేస్తుందో తేలాలంటే ముందు పిల్లాడిది ఏ రకమో తెలియాలి. ఆ పని ఇంతవరకు ఎవరూ చేసినట్టు మీ ఉత్తరంలో కనిపించలేదు. పది నిమిషాల ఓపీలో ‘రాత్రి పక్క తడుపుతున్నాడు’ అనగానే చీటీ రాసేయడం తేలిక. ‘పగలు ఎలా ఉంటాడు?’ అని అడిగి వినడానికి టైం పడుతుంది.

మీ అపార్ట్‌మెంట్ మీద వాటర్ ట్యాంకు పొంగిందంటే మోటారు ఎక్కువసేపు ఆడి ఉండాలి, లేదా ట్యాంకే చిన్నదై ఉండాలి. పిల్లల్లోనూ దాదాపు ఇంతే. నిద్రలో వాసోప్రెసిన్ అనే హార్మోన్ పెరిగి, రాత్రిపూట మూత్రం తక్కువగా తయారయ్యేలా చూస్తుంది. కొందరు పిల్లలకు అది రాత్రిళ్లు చాలినంత పెరగదు, మూత్రం ఎక్కువైపోతుంది. డెస్మోప్రెసిన్ ఆ హార్మోన్ పనినే చేసే మందు, అందుకే వీళ్లకు బాగా పనిచేస్తుంది. ఇంకొందరికి మూత్రం మామూలుగానే తయారవుతుంది, బ్లాడరే ఎక్కువ పట్టదు. వీళ్లకు టాబ్లెట్ ఒక్కటే ఇస్తే ఫలితం అంతంతమాత్రం. రెండూ ఉన్నవాళ్లూ ఉంటారు. అందరిలోనూ ఉండేది ఒకటే, బ్లాడర్ నిండిన కబురు నిద్రలో ఉన్న మెదడును లేపలేకపోవడం. ఇందులో వాడి బద్ధకమూ లేదు, మొండితనమూ లేదు.

ఇక మీరు మాటవరసకు రాసినవాటి దగ్గరికి వద్దాం. నాకైతే మీ ఉత్తరం మొత్తంలో అవే ముఖ్యం అనిపించాయి. ఇలాంటి పిల్లల్ని చూసేటప్పుడు మొదట తేల్చుకోవాల్సింది, ఇబ్బంది రాత్రి మాత్రమేనా, పగలు కూడా ఉందా అన్నది. మీ వాడికి పగలు కూడా ఉంది. రోజంతా బిగబట్టుకోవడం, ఒక్కసారిగా ఆగలేక పరిగెత్తడం, చెడ్డీ తడవడం, ఇవన్నీ పగటి లక్షణాలే. ఇవి ఉన్న పిల్లలకు ముందు పగటి అలవాట్లు, మలబద్ధకం సరిచేసి, ఆ తరవాతే రాత్రి సంగతి పట్టుకోవాలి. వరస తప్పితే మందు వాడినా, అలారం పెట్టినా సగంలో నీరసించి వదిలేస్తారు. టాబ్లెట్ కొన్ని రాత్రులే పనిచేయడానికి ఇదో కారణం కావచ్చు.

మోషన్‌కీ పాస్‌కీ ఏం సంబంధం అని మీ వారు అడుగుతారు. బ్లాడర్ వెనకే మలాశయం ఉంటుంది. అందులో రోజుల తరబడి గట్టిగా పేరుకుంటే అది ముందుకు ఉబ్బి బ్లాడర్‌ని నొక్కుతుంది. బ్లాడర్‌కి చోటు తగ్గుతుంది, ఊరికే బిగుసుకుంటూ ఉంటుంది. మలబద్ధకం తగ్గగానే, ఇంకే మందూ లేకుండా, పక్క తడపడం మానేసిన పిల్లలు కూడా ఉన్నారు. అందరికీ అలా జరుగుతుందని మాటివ్వలేను గానీ, మొదలుపెట్టాల్సింది ఇక్కడే. అరటిపండు, గోరువెచ్చటి నీళ్లతో తేలే వ్యవహారం కాదు మీ వాడిది. పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి గానీ లాక్టులోజ్ సిరప్ గానీ డాక్టరు చెప్పిన మోతాదులో కొన్ని నెలలు వాడాల్సి రావచ్చు. ‘అలవాటైపోతుందేమో’ అని వారానికే ఆపేస్తే మళ్లీ పేరుకుంటుంది.

ఉదయం ఏడింటికి బస్సు అన్నారు. నిద్ర లేపడం, స్నానం, ఇడ్లీ నోట్లో కుక్కడం, పరుగు. ఇందులో పిల్లాడు తీరిగ్గా కూర్చునేది ఎప్పుడు? తిన్న తరవాత పేగులు కదులుతాయి, సరిగ్గా ఆ టైంకి వాడు బస్సులో ఉంటాడు. పొద్దున కుదరకపోతే సాయంత్రం టిఫిన్ తిన్నాక గానీ, రాత్రి భోజనమయ్యాక గానీ పది నిమిషాలు కూర్చోబెట్టండి. వెస్టర్న్ కమోడ్ మీద ఎనిమిదేళ్ల పిల్లాడి కాళ్లు గాలిలో వేలాడతాయి, ఆ భంగిమలో కింది కండరాలు వదులు కావు. పాదాల కింద ఒక పీట వేయండి. మోకాళ్లు నడుం కంటే కాస్త పైకి రావాలి. పాస్‌కి కూర్చున్నప్పుడూ అంతే. చూడ్డానికి చిన్న విషయమే, పనిచేసేది మాత్రం ఇదే.

ఇప్పుడు కొలత. ఎంఎల్ గీతలున్న ప్లాస్టిక్ జగ్గు ఒకటి, వంటింటి డిజిటల్ తూకం ఒకటి, ఒక నోటు పుస్తకం, వాడి సైజు పుల్-అప్ డైపర్లు. దీనికి శని, ఆదివారాలు మంచివి, ఎందుకంటే స్కూలు రోజుల్లో కొలవడం కుదరదు. ఆ రెండు రోజులూ వాడు ఎన్ని గంటలకు పాస్‌కి వెళ్లాడు, ప్రతిసారీ ఎంత వచ్చింది, ఎన్ని గంటలకు ఏం తాగాడు అని రాయండి. పరిగెత్తాడా, చెడ్డీ తడిసిందా అన్నదీ రాయండి. రాత్రి కొలతకు ఏడు రాత్రులు కావాలి. పడుకునే ముందు పొడి డైపర్ తూచండి, పొద్దున తడి డైపర్ తూచండి. తేడా ఎన్ని గ్రాములుంటే దాదాపు అన్ని ఎంఎల్. లేవగానే పోసింది జగ్గులో పట్టి దానికి కలపండి. ఆ మొత్తమే రాత్రి తయారైన మూత్రం. ఈ ఏడు రాత్రులూ నాన్నగారు లేపకూడదు, లెక్క తప్పుతుంది. ఆయనకూ ఒక వారం కంటినిండా నిద్ర.

లెక్క చూసుకునే సూత్రం తేలికే. వయసుకు ఒకటి కలిపి ముప్ఫైతో గుణించాలి. ఎనిమిదేళ్లవాడికి 9 × 30, అంటే బ్లాడర్ సుమారు 270 ఎంఎల్ పట్టాలి. పగలు పోసినవాటిలో అన్నిటికంటే పెద్దది చూడండి. పొద్దున లేవగానే పోసింది ఇక్కడ లెక్కలోకి రాదు. అది 175 లోపే ఉంటే, అంటే 65 శాతం కంటే తక్కువుంటే, బ్లాడర్ తక్కువ పడుతోందని అర్థం. రాత్రి మొత్తం 350 దాటుతుంటే, అంటే 130 శాతం కంటే ఎక్కువుంటే, రాత్రి మూత్రం ఎక్కువ తయారవుతోందని అర్థం. మొదటిది ఉంటే అలారం వైపు మొగ్గు, రెండోది ఉంటే టాబ్లెట్ వైపు. రెండూ ఉంటే రెండూ కలిపి వాడాల్సి రావచ్చు. రెండూ మామూలుగా ఉంటే ఏదైనా ఫరవాలేదు, మీ ఇంటి వీలును బట్టి ఎంచుకోవచ్చు. ఎలాగూ మలబద్ధకం తగ్గాక బ్లాడర్ అంకె మారుతుంది కాబట్టి పగటి కొలత మరోసారి తీయండి. ఆ నోటు పుస్తకం పట్టుకుని వెళ్తే ఏ పిల్లల డాక్టరైనా మీతో వేరేగా మాట్లాడతారు.

డాక్టరు దగ్గర చేయించాల్సినవి ఎక్కువేం లేవు. మూత్ర పరీక్ష ఒకటి, ఇన్ఫెక్షన్, షుగర్ చూడ్డానికి. కడుపు చూస్తారు, వెన్ను కింది భాగం, కాళ్లు చూస్తారు. పగటి లక్షణాలున్నాయి కాబట్టి పాస్ పోయకముందు, పోశాక అల్ట్రాసౌండ్ అడగవచ్చు, అది సబబే. పిల్లాడి పేరు మీద ఫుల్ బాడీ ప్యాకేజీ అంటగడితే మాత్రం ఎందుకని అడగండి. ఖర్చు భారమైతే రెడ్‌హిల్స్‌లో నిలోఫర్ ఉంది, అది ప్రభుత్వ పిల్లల ఆసుపత్రే, మొహమాటపడాల్సిందేం లేదు.

కొన్నిటికి మాత్రం వారం కొలతల దాకా ఆగకూడదు. విపరీతంగా దాహం వేసి, బరువు తగ్గుతూ, నీరసంగా ఉంటే అదే రోజు షుగర్ చూపించాలి. మంట, జ్వరం, మూత్రంలో రక్తం, ధార సన్నగా రావడం, ఎప్పుడూ చుక్కలు చుక్కలుగా కారడం, నడకలో తేడా, నడుం కింద గుంట గానీ వెంట్రుకల కుచ్చు గానీ ఉంటే వెంటనే చూపించండి. రోజూ గట్టిగా గురక పెట్టి, నోరు తెరిచి నిద్రపోతుంటే అది కూడా చెప్పండి. ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్స్, గొంతులోని టాన్సిల్స్ పెరిగిన పిల్లల్లో పక్క తడపడం ఎక్కువ.

ఇక మీ ముందున్న దార్లు.

ఏమీ చేయకుండా ఆగడం ఒకటి. ఏటా వందలో సుమారు పదిహేను మంది పిల్లలకు దానంతటదే ఆగిపోతుంది. ఐదేళ్లప్పుడు ఆగమన్నవాళ్లు చెడు సలహా ఇవ్వలేదు. కానీ ఇప్పుడు వాడికి సిగ్గు తెలిసింది, క్యాంపు వద్దంటున్నాడు. ఇంకా ఆగితే ఆ భారం మోసేది వాడే. నేనైతే ఆగమనను. మలబద్ధకం సంగతి ఎలాగూ ఆగదు.

అలారం ఇంకో దారి. చెడ్డీకి గానీ పక్కకు గానీ సెన్సర్ ఉంటుంది, మొదటి చుక్కలకే మోగుతుంది. నెలల్లో మెదడు ఆ కబురును పట్టుకోవడం నేర్చుకుంటుంది. ఆపాక కూడా ఫలితం నిలవడం దీనిలో ఉన్న గొప్ప సుగుణం. మళ్లీ మొదలైనా ఇంకోసారి పెట్టుకోవచ్చు. వరసగా పద్నాలుగు రాత్రులు పొడిగా వచ్చేదాకా వాడాలి, అందుకు రెండు మూడు నెలలు పట్టవచ్చు. తిప్పలేమిటంటే, మొదటి వారాల్లో అలారానికి మీ ఇల్లంతా లేస్తుంది, వాడు తప్ప. మీలో ఒకరు ప్రతిసారీ లేచి, వాడిని పూర్తిగా మెలకువ తెప్పించి, బాత్రూంకి పంపి, దుప్పటి మార్చి, మళ్లీ తగిలించాలి. వాడు నాయనమ్మ పక్కన పడుకుంటాడని రాశారు. ఆవిడ నిద్ర సంగతీ ఆలోచించండి. మీ వారు లేవగానే కోపం తెచ్చుకునే మనిషైతే, ఆ డ్యూటీ ఆయనకు వేయకండి. అలాంటి ఇంట్లో అలారం మోగడమంటే రోజూ అర్ధరాత్రి వాడికి తిట్లు పడటమే.

టాబ్లెట్ ఇంకొకటి. కుదిరితే మొదటి రాత్రుల్లోనే తేడా తెలుస్తుంది, ఇంట్లో ఎవరి నిద్రా పోదు. ఆపితే చాలామందికి తిరిగి వస్తుంది, అది మందు తప్పు కాదు, దాని స్వభావం అంతే. ఇక్కడ మిమ్మల్ని ఒక విషయంలో గట్టిగా హెచ్చరించాలి. డెస్మోప్రెసిన్‌ని గ్లాసు పాలతో ఇవ్వకండి. ఆ మందు ఒంట్లో నీటిని ఆపేస్తుంది. దానిమీద పాలు, నీళ్లు తాగితే ఒకపక్క మందు సరిగా పనిచేయదు, ఇంకోపక్క రక్తంలో సోడియం పడిపోయే ప్రమాదం ఉంది. తలనొప్పి, వాంతులు, మరీ ముదిరితే ఫిట్స్ దాకా పోవచ్చు. వేసుకోవడానికి గంట ముందు నుంచి, వేసుకున్నాక మరో ఎనిమిది గంటలు గడిచేదాకా గొంతు తడుపుకునే గుక్కెడు తప్ప ఏమీ తాగకూడదు. పక్క దగ్గర వాటర్ బాటిల్ తీసేయండి. జ్వరం, వాంతులు, విరేచనాలు ఉన్న రోజు టాబ్లెట్ వేయకండి. ఇదంతా మీకు చీటీ రాసినప్పుడే చెప్పాల్సింది.

ఇమిప్రమిన్ అనే పాత మందు ఎవరైనా రాస్తే, మిగతావన్నీ అయిపోయాయా అని అడగండి. మోతాదు మించితే గుండెకు ప్రమాదం, ఇంట్లో చిన్నపిల్లలకు అందితే మరీనూ. అది చివరి వరస మందు.

ఏ దారి పట్టినా నీళ్ల టైం మార్చాలి. మీ వాడు స్కూల్లో బాత్రూంకి వెళ్లాల్సొస్తుందని నీళ్లు తాగడు, బాటిల్ నిండుగా తిరిగొస్తుంది. సాయంత్రం ఐదింటి నుంచి దాహమంతా తీర్చుకుంటాడు. మీ వారు హైటెక్ సిటీ ట్రాఫిక్‌లోంచి బయటపడి తొమ్మిదిన్నరకు ఇల్లు చేరాక అందరూ కలిసి భోజనం, చారు, మజ్జిగ, తరవాత పాలు. వాడికి ఏడున్నరకే అన్నం పెట్టేయండి, పాలు సాయంత్రానికి జరపండి. ఈ వయసుకు రోజుకు లీటరు నుంచి 1400 ఎంఎల్ దాకా ద్రవాలు కావాలి, ఎండాకాలం ఇంకాస్త ఎక్కువ. అందులో ఎక్కువ భాగం మధ్యాహ్నం లోపు పడాలి. మొత్తం తగ్గించి ఎండబెట్టకండి, అది మలబద్ధకాన్ని పెంచుతుంది. టీ, కూల్‌డ్రింకులు మానిపించండి. నువ్వుండ తినొచ్చు, ఒంటికి మంచిదే, దీనికి మందు మాత్రం కాదు.

నీళ్లు తాగాలంటే స్కూల్లో బాత్రూంకి వెళ్లాలి కదా. గడియ గురించి క్లాస్ టీచరుతో మాట్లాడండి. ‘మా వాడు పక్క తడుపుతాడు’ అని చెప్పక్కర్లేదు. రెండు రెండున్నర గంటలకోసారి పంపమని డాక్టరు రాశారని చీటీ ఇవ్వండి చాలు. గడియ పడని బాత్రూం మీ ఒక్క బాబు సమస్య కాదు, ఇంకో ఇద్దరు తల్లులను తోడు తీసుకుని ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్తే తొందరగా తేలుతుంది.

మీ వారి సంగతి. అత్తగారు నోరు జారి మంచి పనే చేశారు. తల్లిదండ్రుల్లో ఒకరికి చిన్నప్పుడు ఇది ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం వందలో నలభైకి పైనే. ఇద్దరికీ ఉంటే డెబ్బై దాటుతుంది. అయితే దీన్ని పోట్లాటలో అస్త్రంగా తీయకండి, ఆయన ముడుచుకుపోతారు, కోపం పిల్లాడి మీదికి మళ్లుతుంది. ఆ రోజుల్లో ఆయన్ను ఎవరు ఏమన్నారో, ఎలా అనిపించిందో తీరిగ్గా ఉన్నప్పుడు అడగండి. ఆయనంతట ఆయన కొడుక్కి ‘నాకూ ఉండేదిరా’ అని చెప్తే, పిల్లాడికి చాలా ధైర్యం వస్తుంది. చెప్పకపోయినా సరే, కేకలు ఆగితే చాలు. రాత్రి రెండుసార్లు లేపడం వల్ల పరుపు దక్కుతుంది గానీ, సగం నిద్రలో నడిచే పిల్లాడు దాన్నుంచి నేర్చుకునేది ఏమీ లేదు. అవసరమైన రోజు లేపుకోవచ్చు, వైద్యం అనుకోవద్దు. పొడిగా ఉన్న రాత్రికి బహుమతి అనకండి, అది వాడి చేతిలో లేదు. టైంకి పీట వేసుకుని కూర్చున్నందుకు, బాటిల్ ఖాళీ చేసినందుకు స్టార్ ఇవ్వండి, అవి వాడు చేయగలడు. తడిసిన దుప్పటి వాషింగ్ మెషీన్ దగ్గర వేయడం వాడి పనిగా పెట్టొచ్చు, శిక్షలా మాత్రం ఉండకూడదు.

చివరగా క్యాంపు. జనవరికి ఇంకా రెండు నెలలు పైనే ఉంది. ఇప్పటి నుంచి సంక్రాంతి దాకా మోషన్, పగటి అలవాట్లు, కొలతలు. ఈ గడువులో అలారం పూర్తిగా పనిచేస్తుందని ఆశపెట్టుకోవద్దు, దాన్ని ఫిబ్రవరిలో తీరిగ్గా మొదలుపెట్టొచ్చు. రాత్రి కొలత 350 దాటితే, డాక్టరుతో మాట్లాడి సంక్రాంతి సెలవుల్లో టాబ్లెట్‌ని ఈసారి సరిగ్గా, పాలు లేకుండా వేసి చూడండి. ఇంట్లో పనిచేస్తే క్యాంపుకి ధైర్యంగా ఇవ్వొచ్చు. తీసుకెళ్లే టీచరుకు మాత్రం రాత్రి నీళ్ల నియమం చెప్పి తీరాలి, క్యాంప్‌ఫైర్ దగ్గర ఎవరో ఒకరు కూల్‌డ్రింకు చేతిలో పెడతారు. పనిచేయకపోతే ముదురు రంగు ట్రాక్ ప్యాంటు లోపల పుల్-అప్, స్లీపింగ్ బ్యాగ్ అడుగున ఒక కవర్, పొద్దున అందరికంటే ముందు లేపే ఒక నమ్మకమైన టీచరు ఉంటే రెండు రోజులు గడిచిపోతాయి. ఈ రెండు ఏర్పాట్లూ వాడికి చెప్పి, వెళ్లాలా వద్దా అన్నది వాడినే తేల్చుకోనివ్వండి. ఈ ఏడు వద్దంటే బలవంతపెట్టకండి.